గూట్లో లేని పళ్ళెం

పొడుగుపిల్ల హాస్టల్ విడిచి వెళ్ళిన రోజు మధ్యాహ్నం, సరిగ్గా వడ్డన వేళకి గ్యాస్ అయిపోయింది. రెండు వందల మందికి అన్నం దిగింది గాని కూర ఇంకా ఉడకలేదు. వంటక్క కొంగు నడుముకి దోపి, కొత్త సిలిండరు దొర్లించుకు రావడానికి వెనక షెడ్డుకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

"నీ పొడుగుపిల్ల వచ్చిందే," అంది గిన్నెలు తోమే పిన్ని. "అరల ముందు కాసేపు నిలబడి వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయిందా? పిలవొద్దూ!"

"ఏమని పిలవను? గూట్లో పళ్ళెం లేదు. పేరు కొట్టేశారనుకున్నా."

వంటక్క సిలిండరు మీదే కూలబడింది. ఆ పళ్ళెం పొయ్యి పక్కన, పిండిడబ్బా వెనకాల ఉంది. పొద్దున తనే తీసి దాచింది.

ఆ యూనివర్సిటీ ఆడపిల్లల మెస్సులో భోజనాల గది గోడకి చెక్క అరలు ఉంటాయి. ఒక్కో గూట్లో ఒక్కో పిల్ల పళ్ళెం. నెల డబ్బు కట్టకపోతే దాన్ని బోర్లిస్తారు, కట్టేదాకా వడ్డించరు. చదువు మానేస్తే తీసేస్తారు. ఎవరు పెట్టిన ఆచారమో గాని, నోరు తెరిచి అడిగే పని లేదు. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఎవరి బతుకు ఎలా ఉందో గోడే చెబుతుంది. బోర్లించే పని వంటక్కది. ఏళ్ళ తరబడి, వంకాయ తొడిమ తీసినంత మామూలుగా చేస్తూ వచ్చింది.

పొడుగుపిల్ల తండ్రి తాపీమేస్త్రి. పరంజా మీంచి పడి నడుం విరిగింది. రోజుకి ఎనిమిది వందలు తెచ్చే చెయ్యి ఒక్క పూటలో ఆగిపోయింది. మెస్సు డబ్బు నెలకి మూడు వేలు. ఆఖరి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ పళ్ళెం బోర్లించమని వార్డెనమ్మ చెప్పినప్పుడు వంటక్కకి మొదటిసారి చెయ్యి రాలేదు. కూరలో ఉప్పెక్కువైన రోజున కూడా, "అక్కా, ఇవాళ సముద్రం బాగా వండావు" అని నవ్వి తినేసిన పిల్ల. నలుగురిలో ఆ సిగ్గెందుకు, పళ్ళెం లోపల దాచి, వంటింట్లోకి పిలిచి కడుపునిండా పెడదామనుకుంది. బోర్లించిన పళ్ళెం కంటే లేని పళ్ళెం పెద్ద మాట చెబుతుందని ఆ తొందరలో తట్టలేదు.

సాయంత్రం ఆ పిల్ల గదిలోనే ఉండే స్నేహితురాలు వచ్చి చెప్పింది.

"పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది అక్కా. 'బోర్లించి ఉంటే ఎవరి కాళ్ళైనా పట్టుకునేదాన్ని, అసలు తీసేశారే' అని ఒకటే ఏడుపు."

వంటింట్లో వాళ్ళు చందా వేసుకున్నారు. తొమ్మిది వేల జీతంలో వంటక్క వెయ్యి ఇచ్చింది. పిన్ని రెండొందలు తెచ్చింది. "మనవడి చెప్పుల కోసం దాచా. వాడి కాళ్ళు ఎలాగూ పెరుగుతున్నాయి, కాస్త ఆగి కొంటే ఎక్కువ రోజులు సరిపోతాయిలే" అంది. ఒక నెల డబ్బు కూడింది. వార్డెనమ్మ తీసుకోలేదు.

"గది తాళం ఇచ్చేసి పోయిన పిల్లకి ఎలా జమ కట్టను? వస్తే చూద్దాంలే."

వంటక్క ఆసుపత్రికి వెళ్ళింది. మేస్త్రి మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఖర్చు భరించలేక తీసుకుపోయారన్నారు. అద్దె ఇంటికి వెళితే తాళం. స్నేహితురాలు ఎన్నిసార్లు చేసినా ఫోను మోగలేదు.

అప్పట్నించి వడ్డిస్తుంటే, వరసలో ఒక తల మిగతావాటి కంటే ఎత్తుగా కనిపించినట్టయ్యేది. గరిటె గాల్లో ఆగేది. తీరా చూస్తే, కూర ఏంటోనని మునివేళ్ళ మీద లేచిన ఇంకెవరో పిల్ల.

నెల తిరిగింది. ఉన్నట్టుండి కష్టంలో పడ్డ విద్యార్థుల కోసం దాతలు నిధి ఇస్తున్నారని, భోజనానికి వస్తున్నారని కబురొచ్చింది. గోడ మీద పదకొండు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి.

"అవన్నీ తిప్పి పెట్టు వంటక్కా," అంది వార్డెనమ్మ. "వాళ్ళ కంట పడితే బాగుండదు. వెళ్ళాక మళ్ళీ మామూలే."

"వాళ్ళొచ్చేది వీళ్ళ కోసమే కదా మేడమ్?"

"డబ్బు చేతికి రావడానికి టైము పడుతుంది. అదంతా ఆఫీసు వాళ్ళు చూసుకుంటారు. నువ్వు ముందు తిప్పు."

వంటక్క ఒక్కొక్క పళ్ళెం తీసి, కొంగుతో తుడిచి, వెల్లకిలా పెట్టింది.

"తిప్పాను మేడమ్. మళ్ళీ బోర్లించడం మాత్రం నా వల్ల కాదు."

"ఏంటీ?"

"ఆ డబ్బు వచ్చేదాకా వీళ్ళూ తింటారు. బోర్లించేవాళ్ళని వేరే చూసుకోండి."

"కాంట్రాక్టు మనిషివి. రేపట్నించి రావద్దంటే ఏం చేస్తావ్?"

"రానండి. ఇవాళ్టికి కూర మాడుతోంది, పోనివ్వండి."

వార్డెనమ్మ పిన్ని వైపు తిరిగింది. పిన్ని రెండు చేతులూ ఎత్తి చూపించింది.

"నావి మసి చేతులు మేడమ్. ముట్టుకోకూడదు."

దాతలు వచ్చారు. తిన్నారు. చెక్కు ఇచ్చారు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఖాళీ గూడు ఎవరిదని అడిగితే, మానేసిన అమ్మాయిదని వార్డెనమ్మ చెప్పింది. వంటక్క ఎంగిలి పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి నడిచింది.

ఆ పదకొండు పళ్ళేలూ ఇప్పటికీ వెల్లకిలానే ఉన్నాయి. పన్నెండోది పిండిడబ్బా వెనకాల ఉంది. దాన్ని ఎందుకు తీశారో ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.