నీలానికి ఢోలు, ఎరుపుకు ఝాంజ్

మా భూమయ్య మాస్టరుకు రెండు జబ్బులు. ఒకటి, బ్యాండు ముందు నడుస్తున్నప్పుడు తానే పెళ్ళికొడుకు అనుకోవడం. రెండోది, పెళ్ళాం చెప్పింది నిజమని తెలిసినా ఒప్పుకోకుండా మీసం దువ్వుకోవడం. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి మందు దొరికిన సంగతి చెబుతాను.

నా పేరు చంద్రయ్య. ఆయన బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, గదికో కాపురం ఉండే చాల్‌లో మాస్టరుది కింది గది. అందులో సగం మనుషులు, సగం వాయిద్యాలు. అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది పెద్ద ఢోలు. మాస్టరు తండ్రి రాళ్ళు మోసి, సున్నం కలిపి కూడబెట్టిన డబ్బుతో కొన్నది. ఆయన పోయాక ఆ ఇంటికి అదే పెద్దదిక్కు. పండుగనాడు దానికి బొట్టు పెట్టిన తర్వాతే మాకు విస్తళ్ళలో పోలెలు పడేవి.

ఎనభై ఆరు చలికాలంలో సూరత్‌కు పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళివారు రేపు, మాపు అంటూ డబ్బు నానబెట్టారు. లాడ్జివాడు మాత్రం నానబెట్టలేదు. కిరాయి ఇచ్చేదాకా ఇది నా దగ్గరుంటుందని ఢోలును లోపలికి దొర్లించుకుపోయాడు. మాస్టరు భార్య రత్నాబాయి, మా అందరికీ వదినె, మాతో వంటకూ, డబ్బు చూసుకోవడానికీ వచ్చేది. ఆమె చెవుల కమ్మలు అమ్మి ఢోలును విడిపించింది. తిరిగొచ్చిన ఢోలు మీద లాడ్జివాడు రొట్టెలు ఒత్తిన పిండి అంటుకుని ఉంది. దాన్ని చూసి మాస్టరు పసిపిల్లాడిలా ఏడ్చాడు. "ఇంకోపారి మా నాయన ఢోలు పరాయి ఊర్ల కుదువ వడితే, ఈ ధందానే బంద్ జేస్త" అని దాని మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచీ వదినె చెవులకు ఫాక్‌లాండ్ రోడ్డులో కొన్న గాజు కమ్మలే.

మరుసటి ఏడు నాగ్‌పూర్ నుంచి పెద్ద పెళ్ళి పిలుపు వచ్చింది. వద్దంటే సీజన్ గడవదు, వెళితే ఢోలు భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి. అప్పుడే పక్క గది శివరాం ఒక మాట అన్నాడు. అతను ఫోర్ట్‌లో ఒక బ్యాంకులో ప్యూను. "కార్డు తీస్కో వదినె, జేబుల పైసల్లేకున్నా పని నడుస్తది" అని, కాలం చెల్లిన కార్డొకటి తెచ్చి చూపించాడు.

వదినె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఉబ్బెత్తు అక్షరాల మీద వేలు నడిపింది. వాసన కూడా చూసింది.

"ఇండ్ల పైసలు యాడున్నయి?"

"ఇండ్ల లేవు వదినె. బ్యాంకుల ఉంటయి."

"మరి దుకాణపోడు సామానిచ్చి పైసలెవర్ని అడుగుతడు?"

"బ్యాంకునే. బ్యాంకు నెలాఖరుకు నిన్నడుగుతది."

"అంటే గంగవ్వ కొట్ల ఖాతా వెట్టినట్టే."

"బరాబర్. కాకుంటే గంగవ్వకు నీ మొఖం ఎరుక, ఈళ్ళకు ఈ అక్షరాలే ఎరుక."

"నెలాఖరుకు ఇయ్యకపోతే?"

"వడ్డీ."

"గంగవ్వే నయం, తిట్లతోని ఇడిచిపెడ్తది" అంది వదినె. అన్నదే గానీ కార్డును మాత్రం వదల్లేదు. దీపం దగ్గరికి తీసుకెళ్ళి ఇంకోసారి చూసింది.

చిక్కేమిటంటే కార్డులు రెండు కంపెనీలవి ఉన్నాయి. పేర్లు మాకు నోరు తిరగలేదు కాబట్టి, దుకాణాల తలుపుల మీద అంటించే గుర్తుల రంగును బట్టి నీలిది, ఎర్రది అనుకున్నాం. నీలి గుర్తున్నచోట ఎర్ర కార్డు నడవదు, ఎర్ర గుర్తున్నచోట నీలిది నడవదు. దేనికైనా బ్యాంకులో ముందు కొంత డిపాజిట్ కట్టాలి. మా తాహతుకు ఒక్కటే.

"నీలిదే" అన్నాడు మాస్టరు ఆలోచన లేకుండా. "ఇమానం ఆఫీసు అద్దం మీద సూసిన. ఊర్లు తిరిగే సఫర్ అంటే నీలిదే."

"నువ్వెప్పుడన్న ఇమానం ఎక్కినవా?"

"ఎక్కెటోళ్ళ పెండ్లిల వాయించిన."

వదినె వాదించలేదు. అందరినీ కూర్చోబెట్టి, "మీరు బొంబాయంత నడుస్తనే ఉంటరు గదా, ఏ తలుపు మీద ఏ గుర్తున్నదో సూసి చెప్పుండ్రి" అంది.

ఆ మాట అనేదాకా మాకెవరికీ తట్టలేదు. నిజమే, బస్సులో పోయేవాడికి దుకాణం తలుపు కనబడదు. బరాత్ ముందు నడిచే బ్యాండువాడికి తలుపు మీద ఈగ కూడా కనబడుతుంది. పెళ్ళికొడుకు మేనమామలు చిందులు తొక్కినంతసేపూ ఒకేచోట నిలబడి వాయించాలి మరి. కాకపోతే మా చేతులు ఖాళీగా ఉండవు, రాసుకోలేం. దానికీ ఉపాయం దొరికింది. నీలి గుర్తు కనబడితే ఎల్లయ్య పెద్ద ఢోలు మీద ఒక దెబ్బ అదనంగా వేయాలి. ఎర్ర గుర్తు కనబడితే పెద్దయ్య ఝాంజ్ మోగించాలి. ఝాంజ్ అంటే మా ఇత్తడి తాళాలు, ఒకసారి కొడితే రెండు గల్లీలకు వినబడతాయి.

ఇక మా తమాషా చూడాలి. కొలాబాలో ఒక బరాత్‌లో ఢోలూ ఝాంజ్ పోటీలు పడి మోగాయి. పాట ఎటు పోయిందో నా క్లారినెట్‌కే అంతు చిక్కలేదు. పెళ్ళికొడుకు గుర్రం బెదిరి ఒక పండ్ల బండిలో మూతి పెట్టింది. పెళ్ళికూతురి బాబాయి మాత్రం ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని మాస్టరుకు ఇనాం ఇచ్చాడు. ఫాక్‌లాండ్ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క చప్పుడూ లేదు. ఎల్లయ్యకు మహా దిగులేసింది. "మన గల్లీలు ఏ కంపెనీకీ వద్దా రా" అన్నాడు.

ఏ రోజు వాయించి వచ్చినా వదినె అన్నం వడ్డిస్తూ అడిగేది. ఎన్ని అని అడగదు. ఏ దుకాణాలు అని అడుగుతుంది. చెప్పులదా, మందులదా, చీరలదా, ఓనరు ఎలాంటివాడు, తలుపులో మనిషిని నిలబెట్టాడా. మేము చెప్పీ చెప్పీ, అన్నం చల్లారిపోయేది. ఆ నెలలో మా కళ్ళకు పెళ్ళికూతుళ్ళు కనబడ్డం మానేశారు, తలుపులే కనబడేవి.

తేలిందేమిటంటే, నీలిది పెద్ద హోటళ్ళ మీద, ప్రయాణాల ఆఫీసుల మీద. ఎర్రది బట్టల దుకాణాల మీద, అందులోనూ చీరల దుకాణాల మీద ఎక్కువ.

"నేనేమన్న? సఫర్‌కు నీలిదే" అని మాస్టరు మీసం దువ్వాడు.

"ఆ హోటళ్ళల్ల ఎన్నడన్న పండుకున్నవా? వాయించనీకి పోయినా వెనక దర్వాజకెళ్ళి పంపిస్తరు" అంది వదినె. "ఎర్రదే తీస్కుందాం."

మేమందరం ఘొల్లుమన్నాం. లాడ్జి కిరాయి కోసం కార్డు తీసుకోమంటే, ఈమె చీరల కార్డు తీసుకుంటానంటుంది! పెద్దయ్య ఝాంజ్ తెచ్చి మరీ ఆమె ముందు మోగించాడు. బ్యాంకు ఖాతా ఆమె పేరు మీదే ఉంది, మాస్టరు జేబులో పైసా నిలవదు కనుక. ఆమె ఎర్రదే తీసుకుంది. వచ్చిన కార్డు వెనక తెలుగులో, రత్నాబాయి అని వత్తి వత్తి సంతకం చేసింది. మాస్టరు అలిగి ఢోలు వైపు తిరిగి కూర్చున్నాడు. నాకూ కోపంగానే ఉంది. ఢోలు మీద ఒట్టు ఉంటే ఈమెకు చీరల సరదా ఏమిటి అనుకున్నాను.

నాగ్‌పూర్‌లో పెళ్ళి ఘనంగా జరిగింది. సాయంత్రం బరాత్ మా లాడ్జి ఉన్న వీధి మీదుగానే సాగింది. ఊరంతా నడిచినా ఢోలు గానీ ఝాంజ్ గానీ అదనంగా మోగలేదు. లాడ్జి దాటాక మాత్రం ఒక మూల మీద పెద్దయ్య ఒక్కసారి ఝాంజ్ కొట్టాడు. మేమెవరం పట్టించుకోలేదు.

మర్నాడు పెళ్ళికొడుకు తండ్రి చేతులు జోడించాడు. నగదంతా వంటవాళ్ళకు అయిపోయిందట, వారంలో బొంబాయికి పంపిస్తాడట. సూరత్ మళ్ళీ ఎదురొచ్చి నిలబడింది. ఆ సాయంత్రమే మా రైలు, తెల్లారితే బైకుల్లాలో బరాత్. మా పోరు పడలేక వదినె లాడ్జివాడికి కార్డు చూపించింది. అతను అటూ ఇటూ తిప్పి, "సినిమా పాసా ఇది?" అని నవ్వాడు. తర్వాత మేము భయపడ్డట్టే ఢోలును తన గదిలోకి దొర్లించాడు. మాస్టరు గుమ్మంలో కూలబడ్డాడు. "అయిపోయింది. బస్, ఇగ బ్యాండ్ లేదు" అన్నాడు. ఆ మాటకు నేను క్లారినెట్‌ను దగ్గరికి లాక్కున్నాను. నాకు వేరే పని రాదు.

వదినె మాత్రం పెద్దయ్య వైపు తిరిగింది. "నిన్న పొద్దుగూకంగ ఝాంజ్ కొట్టినవు గదా. నేను వంటకాడ విన్న. ఏం దుకాణమది?"

"చీరల దుకాణం వదినె. ఆదత్ వడి, అలవాటుగ గొట్టిన" అన్నాడు పెద్దయ్య బిక్కమొహంతో.

ఆమె తిన్నగా లాడ్జివాడి భార్య దగ్గరికి వెళ్ళింది. పెరట్లో రెండు రోజులు కలిసి కారం నూరుకున్నారు, తన అన్న కొడుకు పెళ్ళికి చీర కొనమంటే మొగుడు నెలలుగా దాటవేస్తున్నాడని ఆవిడ చెప్పుకుంది. ఇద్దరూ మరాఠీలో గుసగుసలాడారు. ఆవిడ లేచి వచ్చి మొగుడిని ఒక్క చూపు చూసింది. "కిరాయికి సరిపోను చీర ఇస్తారట. ఢోలు వదిలెయ్" అంది. లాడ్జివాడు ఢోలును మళ్ళీ గుమ్మం దాకా దొర్లించాడు. ఆ ఇంట్లో మాస్టరు ఎవరో అప్పుడు అర్థమైంది.

దుకాణం యజమాని కార్డు చూసి మాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. గుర్తు అంటించాడే గానీ అడిగినవాడు లేడట. బల్ల కింద నుంచి యంత్రం తీసి, దుమ్ము ఊది, కార్డు మీద కాగితం పెట్టి పిడిని ఘర్రున లాగాడు. అక్షరాలు కాగితం మీద పడ్డాయి. వదినె సంతకం చేస్తే, తెలుగు రాని ఆ మనిషి ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి, కార్డు వెనకున్న దానితో పోల్చుకున్నాడు. ఆఖరికి "దోనో గోల్ గోల్, ఠీక్ హై" అన్నాడు, రెండూ గుండ్రంగానే ఉన్నాయట.

లాడ్జావిడ ఆకుపచ్చది ఏరుకుంది. మడతలు వేస్తుండగా వదినె పసుపుపచ్చ చీరొకటి భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. వెంటనే తీసి మడతపెట్టేసింది. మాస్టరు గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు.

రైలులో ఢోలు మీద చెయ్యేసి కూర్చున్న మాస్టరు వదినె వైపు తిరిగాడు. "నీకు ముందే ఎరుకనా?"

"లాడ్జోడు ఏ కార్డూ తీస్కోడని బొంబాయిలనే ఎరుక. మీ ఝాంజ్ గానీ ఢోలు గానీ ఒక్క లాడ్జి ముంగట మోగిందా? గని లాడ్జోనికీ పెండ్లాం ఉంటది గదా."

రైలు డబ్బా అంతా నవ్వింది. నవ్వనివాడు మాస్టరొక్కడే. అలవాటుగా చెయ్యి మీసం దాకా వెళ్ళింది, దువ్వకుండానే దిగిపోయింది.

వారం తిరిగాక నాగ్‌పూర్ డబ్బు వచ్చింది. అదే వారం గ్రాంట్ రోడ్డు దగ్గర పగటి బరాత్ ఒకటి వాయించి, నడుస్తూ ఇంటికి బయలుదేరాం. డబ్బు వసూలుకు వచ్చిన వదినె కూడా మాతోనే ఉంది. ఒక చీరల దుకాణం ముందు మాస్టరు హఠాత్తుగా చేతిలోని బ్యాండు కర్ర ఎత్తాడు. కర్ర ఎత్తితే మేము ఆగాలి. ఆగాం. తలుపు మీద ఎర్ర గుర్తు ఉంది.

"కార్డు తియ్" అన్నాడు వదినెతో.

"ఎందుకు? ఎవరికి?"

"పసుపుపచ్చది. మొన్న భుజం మీదేస్కొని తీసినవు సూడు, అసుంటిది."

"పిచ్చి లేసిందా? నెలాఖరుకు బ్యాంకోడు అడుగుతడు."

"అడగనీ. నేనిస్త" అన్నాడు మాస్టరు, జరీ టోపీ తీసి చంకలో పెట్టుకుని. "లాడ్జోనికేనా? నాకూ పెండ్లాం ఉన్నది."

వదినె కొంగు ముడి విప్పి కార్డు తీసింది. ఆమె చెవుల గాజు కమ్మలు ఊగాయి. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళాక, మేము వీధిలో ఏం చేయాలో తెలియక నిలబడ్డాం. పెద్దయ్య మా అందరి మొహాలూ చూసి, ఝాంజ్ ఒకటి కొట్టాడు.