ముఖం పడని ఫొటో

రాజోలులో ఏ ఇంటి గోడ చూసినా మా ఆయన సాలమోనుగారు తీసిన ఫొటో ఉంటుంది. ఆయన ఫొటో మాత్రం మా ఇంట్లోనే లేదు. ఆయన పోయాక పెట్టే జ్ఞాపకార్థ కూడిక దగ్గరకొచ్చింది. ఫ్లెక్సీ వేయించడానికి ఆధార్ కార్డులోని బొమ్మ తప్ప మరొకటి దొరకలేదు.

"ఇందులో నాన్నగారు ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టున్నారమ్మా," అంది మా అమ్మాయి ఏంజెల్.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త కెమెరాలు ఎన్ని వచ్చినా ఆయన సరదాకి పాతదాంట్లో రీలు వేసేవారు. చివరి రీలు అందులోనే ఉండిపోయింది. అందులో ఆఖరి ఫొటో నేను తీసిందే.

నర్సాపురం ఆసుపత్రికి వెళ్దామని సఖినేటిపల్లి రేవులో, మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు ఎక్కాం. గోదావరి దాటాలంటే నాకెప్పుడూ గుండె దడే. అది మరిపించడానికేమో, కెమెరా నా చేతిలో పెట్టి, "నన్నూ ఒకటి తియ్యి, కుమారీ" అని ఎదురుగా నిలబడ్డారు. నేను నొక్కుతుండగానే పంటు అవతలి ఒడ్డుకు కొట్టుకుంది. కెమెరా జారి ఇనుప రేకు మీద ఠంగున పడింది.

"అయ్యో, పడిపోయిందండీ!"

"ఏంటీ, ఫొటోనా?"

"కాదండీ, కెమెరా!"

"అదా! దానికేం అవదే. కింద రేకుకి సొట్ట పడిందేమో చూడు. ఇంతకీ ఫొటో పడిందా?"

"ఆయ్, నొక్కేనండీ."

కెమెరాకు మూలన చిన్న గీత పడింది, అంతే. ఆసుపత్రి నుంచి అది నా ఒళ్ళో తిరిగొచ్చింది. ఆయన్ని తెచ్చిన అంబులెన్సు పంటు ఎక్కలేదు. వంతెన మీదుగా వచ్చేశాం.

అమలాపురం స్టూడియో సురేంద్ర కెమెరా అటూ ఇటూ తిప్పి చూశాడు. "భలే గట్టిదండీ, అమ్మగారూ. శుభ్రంగా పని చేత్తందండి," అన్నాడు. రీలు కడిగించడానికి హైదరాబాదు పంపాడు. నేను రోజూ ఫోను చేసి, "పడిందా బాబూ?" అని అడిగేదాన్ని.

చివరికి వచ్చాయి. మా కొబ్బరిచెట్లు, చర్చి గంట, దండెం మీద నా చీర, అన్నీ చక్కగా పడ్డాయి. ఆఖరిది అతను విడిగా దాచి ఇచ్చాడు.

"ముఖం పడలేదండి," అన్నాడు మెల్లగా.

ఫొటో ఆయన మెడ దగ్గరే ఆగిపోయింది. చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి. ముందుకు చాచిన చేతులు చెరో పక్కన ఉన్నాయి. కెమెరాను పట్టుకోవాలంటే అవి మధ్యకు రావాలి. అవి నా భుజాల కోసం వచ్చాయి. పడిపోయేది నేననుకున్నారు.

ఏంజెల్ ఫ్లెక్సీకి ఆధార్ బొమ్మే ఇచ్చింది. నేను వద్దనలేదు.