రాళ్ల మంద

పొద్దు పొడవంగనే రామమ్మ చేసే మొదటి పని వాకిలి ఊడ్చుడు గాదు, వాకిట్ల పడుకున్న రాళ్లను పక్కకు జరుపుడు. చీపురుకట్టతోని ఒక్కొక్కదాన్ని నెట్టుకుంట, "లెవ్వుండ్రి, సాన్పి చల్లాలె" అని గులుగుతది. చిన్నవి దొర్లుకుంట పోయి గోడవార కూసుంటయి. పెద్దవాటికి జర బద్ధకం, రెండుసార్లు చెప్పాలె. అవన్నీ ఆమె కొడుకు ఐలేశం వెంట వచ్చిన రాళ్లు. గుట్టకు పోయొస్తే గుట్ట రాళ్లు, వాగుకు పోయొస్తే వాగు రాళ్లు. వానికి నడక వచ్చిన కాడ్నించి గంతే.

కట్టంగూర్ దాపున ఉన్న ఆ పల్లెల దీన్ని ఎవ్వరూ వింత అనుకోలె. రామమ్మ పెనిమిటి దుర్గయ్య వెంట గొర్లు పోతయి, ఆయన కొడుకు వెంట రాళ్లు పోతయి. గొర్లకాపరి ఇంట్ల పుట్టినోనికి వెంట ఏదో ఒకటి ఉండాలె గదా అని ఊరుకున్నరు. బడిల పంతులు సుత "నీ రాళ్లను బయట కూసోబెట్టి లోపలికి రారా" అనేటోడు తప్ప ఇంకో మాట అడుగలె. నల్లగొండ కాలేజీల పీయూసీ చదివిన రోజుల్ల హాస్టలు వార్డెను మాత్రం జర సతాయించిండు, ఆయనకు అరికాళ్లు మెత్తన.

గా ఏడు నందికొండ కాడ కృష్ణకు అడ్డం కట్ట లేస్తాంది. ఐలేశం పీయూసీ ఫస్టు క్లాసుల పాసయిండు. హైదరబాదుల పశువుల డాక్టరు చదువుకు సీటు దొరికింది. కాలేజీ తెరిచే రోజు దగ్గరికొచ్చింది. దుర్గయ్య కాళ్లు భూమ్మీద ఆగుతలేవు. చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగి, కనబడ్డ కాపరికల్లా చెప్పిండు, "ఇగ మీకేం ఫికర్ లేదు, మా పోరడు వస్తాండు" అని.

ఆయన గంత ఆశపడుటానికి కారణముంది. ఐలేశం చిన్నగున్నప్పుడు ఒక వానకాలం మందకు రోగమొచ్చింది. నోట్లె నురగ, గొంతుల వాపు, కాళ్లు కొట్టుకొని పడిపోవుడు. నల్లగొండ దాక పోయి డాక్టరును తోలుకొచ్చేటాలకు బీడు నిండ కళేబరాలే. మిగిలినయి ఏడెనిమిది. దుర్గయ్య ఆ బీడు నడుమ నిలబడి, పేర్లు పెట్టి పిలుస్తనే ఉన్నడట. రామమ్మ రెక్కపట్టి గుంజుకొచ్చిందాక కదల్లేదు. మన ఇంట్ల ఒక డాక్టరుంటే అని అప్పటి నుంచి ఆయన అనని రోజు లేదు.

పిలగాడు మాత్రం నిమ్మళంగ లేడు. మూడు ముద్దలు తినంగనే లేస్తడు. మంచం మీద కూసుంటే మంచం గరుకు, అరుగు మీద కూసుంటే అరుగు ఉడుకు. ఊరవతలికి పోతడు, మళ్లొస్తడు, వెనుక రాళ్లు గలగల తిరుగుతనే ఉంటయి. వానికి రక్తమంటే భయం లేదు, చదువంటే బరువు లేదు. అసలు సంగతేందంటే గొర్లు వాని దగ్గరికి రావు. చెయ్యి చాపితే మెడ తిప్పుకొని పోతయి. పుట్టిన పిల్ల సుత వాని ఒళ్లె ఉండదు. ఈ ముచ్చట ఇంట్ల అందరికీ తెలుసు, అందరూ తెలవనట్టే ఉన్నరు.

"పానం ఎట్లనో అయితాంది అమ్మా," అన్నడొకనాడు.

"ఏమైతాందిరా?"

"ఏమో. నేను పోవాల్సింది యాడికో, పోతున్నది యాడికో అనిపిస్తాంది."

రామమ్మకు గుబులయ్యింది. జాగ మారితే మంచిగైతదని, జొన్నపిండి, కారప్పొడి మూటగట్టి, నందికొండల కట్ట పనికి పోయిన బిడ్డ బక్కమ్మ కాడికి తోలిచ్చింది.

అక్క గుడిసెల సుత వాడు కూసుండలె. మూట దించి, కట్ట దిక్కు పోయిండు. పోంగపోంగ నది ఒడ్డు రాళ్లు నాలుగైదు వెంట పడ్డయి. ఒక రేకుల షెడ్డు ముందటికి రాంగనే అవి వాన్ని దాటేసి లోపలికి జొర్రినయి. ఎప్పుడూ వెనుక నడిచేటియి ముందటికి పోవుడు వానికి కొత్తగనిపించి, వాడు సుత జొర్రిండు.

షెడ్డు నిండ చెక్కపెట్టెలు. పెట్టెల్ల వరుసగ రాళ్లు, గుండ్రంగ, రోకలిబండంత పొడుగు. కట్ట కింది నేల గట్టిదా గుల్లదా చూసేటందుకు లోతుకు బొక్కేసి తీసినయట. వాటిని పరీక్ష చేసేటాయన పేరు దశరథ. చండూరు దిక్కు బట్టలు నేసే సాలోళ్ల పిలగాడే, హైదరబాదుల చదివి వచ్చి ఆ కొలువు చేస్తాండు. లోపలికొచ్చిన రాళ్లను చూసి, వాటికి జాగ ఇడిచి, "జర చూసి నడువు, పెట్టెలు కదుల్తయి," అన్నడు.

ఐలేశం వంగి చూస్తాండు. "సారూ, గీ రాళ్లన్నిట్ల గీత ఒక్క దిక్కే వంగింది. ఎందుకట్ల?"

దశరథ చేతిల పని పక్కన పెట్టిండు. నేల లోపలి ఉడుకు, మీది బరువు, రాయి కరుగుడు, గట్టిపడుడు, పగులుడు, ఆ పగులుల ఇంకో రాయి జొర్రుడు, అన్నీ చెప్పుకుంట పోయిండు. ఐలేశం అడుగుకుంట పోయిండు. పొద్దుగూకేటాలకు తమ్ముణ్ని దేవులాడుకుంట బక్కమ్మ వచ్చింది. వాడు నేల మీద బాసింపట్లేసుకొని కూసున్నడు. ఆమె ఉరికొచ్చి నుదురు ముట్టి చూసింది.

"కూసున్నవేందిరా? జరమొచ్చిందా?"

"లేదక్కా. వింటున్న."

గీ రాళ్లకు సుత ఒక చదువున్నదని, దాని పేరు భూగర్భశాస్త్రమని, డిగ్రీల తీసుకోవచ్చని వానికి ఆ రోజు తెలిసింది. పీయూసీ దాక చదివి ఆ మాట వినకపోవుడు చూడుండ్రి. చెప్పేటోడు లేకుంటే ఎవనికైనా గంతే.

ఇంటికొచ్చి చెప్పిండు. దుర్గయ్య అన్నం ముందట కూసున్నోడు చెయ్యి కడుక్కున్నడు.

"రాళ్లకు రోగమొస్తదారా?"

"రాదు బాపు."

"మరి రాళ్ల చదువు ఎవలికక్కరకొస్తది? రాళ్ల ముంగట నిలబడి ఏడ్చినోడు ఉన్నడా ఎవడన్న?"

ఆ బీడు ఐలేశంకు సుత యాదికున్నది. మూడో రోజు దుర్గయ్యనే ఒక ఉపాయం తీసిండు. కాపరుల్ల అన్నదమ్ములు మంద పంచుకునేటప్పుడు ఒక రివాజు ఉంటది. మందను బీట్ల ఇడుస్తరు. చేతిల మేత ఉండొద్దు, కట్టె ఉండొద్దు, కూత ఒక్కటే. గొర్రె ఎవని దిక్కు నడిస్తే వానిది. తేలినంక ఓడినోడు మళ్లీ కూత పెట్టొద్దు. కులపెద్ద ముందట జరిగిందంటే ఇగ దానికి తిరుగులేదు.

"రేపు పొద్దుగాల గాలయ్యను పిలుస్త," అన్నడు. "నువ్వు కూత పెట్టు. ఒక్క గొర్రె నీ దిక్కు వచ్చిందా, డాక్టరు చదువు. రాలేదా, నీ ఇష్టం. మాటంటే మాట." ఒక్కటన్న రాకపోతదా అని ఆయన ఆశ.

తెల్లారి గొంగడి భుజానేసుకొని కులపెద్ద గాలయ్య వచ్చిండు. ముసలాయన ఇసువంటి తీర్పులు శానా చూసినోడు, చదువు మీద తీర్పు మాత్రం ఇదే మొదటిది. దుర్గయ్య మందను ఇడిచిండు. ఐలేశం ఎదురుంగ నిలబడ్డడు. వాని రాళ్లు గట్టు మీద కూసున్నయి.

ఊకె నోరు కదిలిస్తే అయిపోయేది, గొర్లు ఎట్లాగూ రావు. రామమ్మ సుత గదే అనుకున్నది. కానీ బాపు మొఖం చూసినంక వానికి దొంగ కూత పెట్ట మనసొప్పలె. గొంతు నిండ గాలి తీసుకొని, తండ్రి పిలిచినట్టే పిలిచిండు. మంద మేస్తనే ఉంది. ఇంకోసారి పిలిచిండు. అప్పుడు ఒక ముసలి గొర్రె, ఆ రోగం నాడు బతికిన వాటిల్ల ఆఖరుది, తల లేపింది. మెల్లమెల్లగ నడిచొచ్చి వాని మోకాలుకు మూతి ఆనిచ్చింది. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి ఒక గొర్రె వాని దగ్గరికొచ్చుడు గదే మొదలు.

"తేలిపాయె," అన్నడు గాలయ్య.

దుర్గయ్యకు సంతోషం పట్టరాలె. రుమాలు తీసి దులిపిండు, మళ్ల చుట్టిండు. "చూసినవా," అనుకుంట కొడుకు దిక్కు తిరిగిండు.

గట్టు మీది రాళ్లు లేస్తున్నయి. మొదలు చిన్నవి, వాటెనుక పెద్దవి. ఒక్కొక్కటి మర్లి గుట్ట దిక్కు నడుస్తున్నయి. గలగల సప్పుడు సుత చేస్తలేవు. ఐలేశం చూస్తాండు కానీ పిలుస్తలేడు. ఓడినోడు పిలువొద్దు గదా. వాని నోరు సగం తెరుసుకొని ఉంది. ఒక్క కాడ ఆగని కాళ్లు మొద్దుబారినట్టు ఆగిపోయినయి.

ఒక మనిషి బీట్ల నిలబడి తన మంద పోతాంటే చూసుడు ఎట్లుంటదో దుర్గయ్యకు ఎవ్వరూ చెప్పవలసిన పని లేదు. రుమాలు జారిపడ్డది సుత చూసుకోలె, గట్టు దిక్కు ఉరికిండు.

కూత పెట్టిండు. రాళ్లు ఆగలె, ఆ గొంతు వాటికెరుక లేదు. ముసలి కాళ్లతోని ముళ్లపొదలల్ల పడి, వాటి ముందటికి పోయి, రెండు చేతులు చాపి అడ్డం నిలబడి, మళ్ల కూత పెట్టిండు. గొర్లను పిలిచేటప్పుడు సుత ఆయన గంతగనం బతిలాడలె. ముందటి రాయి ఆగింది. దాని వెనుకటియి ఆగినయి. వాటిని మలుపుకొని, కిందమీద పడి కొడుకు కాళ్ల దాక తోలుకొచ్చిండు.

"ఇగో, పట్టుకో," అన్నడు, రొప్పుకుంట.

"తీర్పయిపోయిందిర దుర్గయ్యా," అన్నడు గాలయ్య మెల్లగ.

"తీర్పు నాకు, వీనికి నడుమ. గెలిచింది నేను. నా గెలుపు నేనిడిచిన."

"మరి ఊర్లన్నిటికి డాక్టరొస్తడని చెప్పినవు?"

"చెప్పిన. మళ్ల తిరిగి చెప్పుకుంట." ఐలేశం ఏడుస్తాండు. దుర్గయ్య మట్టి చేతులతోనే వాని మొఖం తుడిచిండు. "ఆ చదువు పేరేందో అన్నవు గదా, ఏంది?"

"భూగర్భశాస్త్రం, బాపు."

దుర్గయ్య పెదవులు కదిలిచ్చి చూసుకున్నడు, కుదురలె.

"ఇంకోసారి నిమ్మళంగ చెప్పు," అన్నడు. "వాళ్లందరికి నేనే చెప్పాలె గదా."