పదకొండు పొడిగింపులు

“పులుసులో ఉప్పు తక్కువైందని నాకూ తెలుసునని చెప్పు ఆయనకు,” అంది మా అత్త సుబ్బులమ్మ.

ఆయన, అంటే మా మామ మునిరామయ్య, ఆమెకు నాలుగు మూరల దూరంలో పీట మీద కూర్చొని అన్నం తింటున్నాడు. ఆ మాట ఆయన చెవిన పడిందని ముగ్గురికీ తెలుసు. అయినా నేను గరిటె పక్కన పెట్టి, “మామా, అత్తకూ తెలుసంట,” అన్నాను. ఆయన తలెత్తకుండానే, “తెలిస్తే వెయ్యొచ్చు గదా అని చెప్పు,” అన్నాడు. నేను దాన్ని అటు చెప్పాను.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఎద్దును అమ్మే విషయంలో వాళ్లిద్దరికీ మాటలు ఆగిపోయాయట. మొదట్లో ఆ మాటలు మోసింది మా ఆడబిడ్డ. ఆమె అత్తారింటికి వెళ్లిన పదో రోజే నన్ను ఈ ఇంటికి చేసుకొచ్చారు. ఆ తొందర ఎందుకో అప్పట్లో నాకు తెలియలేదు. మా ఆయన జయరామ్‌కు తల్లిదండ్రులతో గొడవేమీ లేదు. కానీ ఆయనకూ ఈ పద్ధతి సుఖంగా ఉండేది. “చొక్కా ఇస్త్రీ కాలేదని అమ్మకు చెప్పు. శనివారం కొండకు పోవాలంటే కుదరదని నాయనకు చెప్పు.” కష్టమైన మాట ఏదున్నా అది నా నోటితోనే పోవాలి. అవతలివాళ్లకు కోపం వస్తే ముందు తగిలేది నాకే. ఐదేళ్లు ఇట్లా గడిచాయి. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు నేను మాట్లాడిన మాటల్లో నావి ఎన్ని అని వెతుక్కుంటే, అన్నం పెట్టమంటారా, నీళ్లు కాగాయి, ఇట్లాంటివి నాలుగైదు దొరికేవి.

ఉద్యోగమూ అలాంటిదే. తిరుపతికీ నగరికీ మధ్య, రైలుకట్టను ఆనుకొని ఉన్న చిన్న ఊరు మాది. డెబ్బై తొమ్మిదిలో అక్కడ ఎనభై ఆరు టెలిఫోన్లు ఉండేవి. ఎవరైనా తమ ఫోను పిడి తిప్పితే ఎక్స్ఛేంజీలో నా ఎదుట బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు మూత టక్కున పడేది. నేను అక్కడ తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో కొసను అవతలి నంబరులో గుచ్చేదాన్ని. ఊరు దాటి మాట పోవాలంటే రెండే లైన్లు. ఒకటి తిరుపతికి, ఒకటి మద్రాసుకు. మద్రాసు లైను నగరి బోర్డు మీదుగానే పోతుంది, నగరివాళ్లు మమ్మల్ని పిలవాలన్నా అదే ఖాళీ కావాలి. ట్రంకుకాలు బుక్ చేసుకున్నవాళ్ల పేర్లు చీటీల మీద రాసి వరుసగా పెట్టేదాన్ని. మూడు నిమిషాలు కాగానే మధ్యలోకి వెళ్లి, “మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?” అని అడగాలి. మామూలు మనుషులు భయపడి పెట్టేసేవాళ్లు. నాలుగో నంబరు దొరస్వామి మాత్రం, “ఊఁ, ఇయ్యి,” అనేవాడు. ఆయనది బియ్యం మిల్లు. మా ఆయన ఆ మిల్లులోనే గుమస్తా. దొరస్వామి ఎంతసేపు మాట్లాడినా ఎవరూ అడ్డం పోకూడదనేది మా ఎక్స్ఛేంజీలో ఎవరూ రాయని ఆనవాయితీ.

ఆ ఏడు ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం దొరస్వామి మద్రాసు వ్యాపారితో మాట్లాడుతున్నాడు. నేను పదకొండు సార్లు పొడిగింపు అడిగాను. పదకొండు సార్లూ ఇచ్చాను. ఆ తర్వాత పది గంటలు దాటి పావుగంటకు నగరి ఆపరేటరు గొంతు వినబడింది. “పంకజాక్షీ, ఈ ట్రంకుకాలు నీకే. మీ అన్న ఆదిమూలం తొమ్మిదీ నలభైకి బుక్ చేసినాడు. లైను యాడ దొరికింది?” వెనక అన్న మాట సన్నగా వచ్చింది. “పాపా, నాయనకు బాగలేదు. పది గంటల బస్సు పట్టుకుంటావని అప్పట్నించీ ఈడే నిలబడుండా.”

పది గంటల బస్సు వెళ్లిపోయింది. నేను నగరిలో పుట్టింటికి పన్నెండు గంటల బస్సు ఎక్కాను. నాయన పదకొండున్నరకు పోయాడు. “నీ కోసరం వాకిలి సూస్తా ఉండినాడు,” అంది అమ్మ. నాయన నేతగాడు. మగ్గం గుంటలో ఆయన కాళ్లు పెట్టుకునే చోటు నున్నగా ఉంది. దాని పక్కన కూర్చొని నేను ఆ పదకొండు సార్లను ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకున్నాను. ప్రతిసారీ గొంతు నాదే. వెనక ఎవరు కాచుకొని ఉన్నారో ఒక్కసారైనా నగరి బోర్డును అడగలేదు.

కర్మాంతరం అయ్యాక డ్యూటీకి వచ్చి ఒక చీటీ రాసి బోర్డుకు అంటించాను. ‘వెనక ఒకరు కాచుకొని ఉంటే ఒకసారి మించి పొడిగింపు లేదు.’ మూడో రోజు ఆరు నిమిషాలు కాగానే దొరస్వామికి చెప్పి తీగ లాగేశాను.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. “మా ముదలాళి దొరస్వామి నన్ను నలుగురు హమాలీల ముందర నిలబెట్టి అడిగినాడు. నీ పెండ్లాం నా నోరు మూయిస్తాదా అని. తలకాయ యాడ పెట్టుకునేది నేను?”

“వెనక మూడు కాల్స్ ఉన్నాయి,” అన్నాను.

“ఉంటే ఉండనీ. ఇంకోసారి జరిగితే నన్ను పంపించేస్తానన్నాడు. ఆ రోజు వస్తే నువ్వూ రాజీనామా రాసిచ్చి ఇంట్లో కూర్చో. తేలిపోతుంది.”

“కోడలి సంపాదనతో కాదులే మనం బతికేది అని చెప్పు వానికి,” అంది అత్త, కొడుకు ఎదురుగానే, నాతో.

మర్నాడు మా ఇన్‌చార్జి పరంధామయ్య ఆ చీటీని జాగ్రత్తగా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. “నీ దుఃఖం నాకు తెలుస్తా ఉండాదమ్మా. అయితే దుఃఖంతో బోర్డు నడపకూడదు.” చీటీని టిఫిన్ గిన్నె కింద పెట్టాను. దొరస్వామి మళ్లీ ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడుకున్నాడు. నేను మళ్లీ పొడిగింపులు అడిగాను. ప్రతిసారీ నోరు చేదుగా అయ్యేది.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఒక గురువారం తెల్లవారుజామున ఊరికి అవతల రైలుకట్ట కొట్టుకుపోయింది. వచ్చే బండిని మా స్టేషన్లోనే ఆపేశారు. పన్నెండు పెట్టెల్లో ఏడొందల మందికి పైగా ఉన్నారు, ఎక్కువ మంది కొండకు పోయేవాళ్లే. ఒక్కరికి దెబ్బ తగల్లేదు. కానీ బండి ఏట్లో పడిపోయిందని మద్రాసులో ఎవరో పుకారు పుట్టించారు. నేను ఆరు గంటలకు వచ్చి కూర్చునేసరికే బోర్డు మీద సగం మూతలు పడి ఉన్నాయి. పోస్టాఫీసు దగ్గర తడిసిన గుడ్డలతో ప్రయాణికుల వరుస వీధి మలుపు దాటింది. మద్రాసు బోర్డులోని అమ్మాయి లైనులోకి వచ్చింది. “అక్కా, మీ ఊరికే ఈడ తొంభై కాలు టికెట్లు రాసి ఉండాయి. అందరూ ఒకటే అడగతా ఉండారు, మావాళ్లు బతికుండారా అని. ముందర ఎవరికియ్యను?”

మొదటి గంట నేను చేసింది తప్పు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఇస్తూ పోయాను. ఒక కాలు కలిపి, ఆ మనిషిని స్టేషన్ నుంచి పిలిపించేలోపు మూడు నిమిషాలు అయిపోయేవి. అవతల ఏడుపు, ఇవతల వెతుకులాట. గంటలో పదమూడు కాల్స్ అయ్యాయి. ఆ పదమూడులో ఐదుగురికి మనిషే దొరకలేదు. మద్రాసులో టికెట్లు నూటముప్పై అయ్యాయి. నా చేతులు ఎంత వేగంగా పోతే వెనక వరుస అంత పెరిగింది.

నాయన మగ్గం మీద పోగులు చిక్కుపడితే లాగేవాడు కాదు. నేత ఆపి, గుంటలోంచి లేచి, ఎంత అవసరం ఉన్నా ఒక నిమిషం ఊరికే చూసేవాడు. నేను తీగలన్నీ వదిలి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మూతలు పడుతూనే ఉన్నాయి. పడనిచ్చాను. అందరూ అడుగుతున్నది ఒకటే ప్రశ్న. దానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క లైను ఎందుకు?

మద్రాసు అమ్మాయిని పిలిచాను. “ఇక మాకు ఒక్క కాలూ పంపొద్దు. కొత్తవి రాసుకోవద్దు. నేను పేర్లు చెప్తాను, నువ్వు రాసుకో. అడిగినవాళ్లకు నీ దగ్గర్నుంచే చెప్పేయి.” తర్వాత స్టేషన్ మాస్టరు ప్రేమానందం గారిని పిలిచి పేర్లు అడిగాను.

“ఏడొందల పేర్లా తల్లీ!”

“ఇంటికొక పేరు చాలు సార్. ఊరు, ఎంతమంది. పెట్టె పెట్టెకూ ఒక కాగితం.”

“బండిలో వేలూరు టీచరమ్మలు ఇద్దరుండారు. వాళ్ల చేత రాయిస్తా.”

పావుగంటలో తడి కాగితాలు రావడం మొదలైంది. నేను చదవసాగాను. మొదటి పెట్టె. అరక్కోణం, వరదమ్మ, నలుగురు, క్షేమం. తిరువళ్లూరు, నాగరత్నమ్మ, ఇద్దరు, క్షేమం. మూడు నిమిషాలకు ముప్పై పేర్లు పోతున్నాయి. అప్పుడే నాలుగో నంబరు మూత పడింది.

“ఏమ్మా, మద్రాసు ఇయ్యి. లైట్నింగు కాలు, రేటెంతైనా సరే, అన్నిటికన్నా ముందు.”

“లైను లేదండి. బండిలో ఉన్నవాళ్ల పేర్లు పోతున్నాయి. తొమ్మిది తర్వాత ఇస్తాను.”

“ఎవరితో మాట్లాడతా ఉండావో తెలుసునా?”

“తెలుసు. నాలుగో నంబరుతో.”

“మీ ఆయన యాడ పని చేస్తా ఉండాడో అదీ తెలుసునా?”

“అదీ తెలుసునండి. పేర్లు ఆగిపోతున్నాయి, తీసేస్తున్నాను.”

తీగ లాగాను. ఈసారి నోరు చేదుగా లేదు. వెనక పరంధామయ్య చేతులు నలుపుకుంటున్నాడు. “ఇచ్చెయ్ తల్లీ. మూడు నిమిషాలే గదా.”

నేను తల మీది హెడ్‌సెట్ తీసి ఆయన ముందు పట్టుకున్నాను. “మూడు నిమిషాలంటే ముప్పై పేర్లు సార్. మీరు కూర్చోండి. ఏ ముప్పై ఆపాలో మీరే చూసి ఆపండి.”

ఆయన హెడ్‌సెట్ వైపు చూశాడు. కాగితాల వైపు చూశాడు. బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక కాఫీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి, రెండో స్టూలు లాక్కొని తిరుపతి లైను ముందు కూర్చున్నాడు.

పదకొండో పెట్టెలో మా నాయన పేరున్న మనిషి ఒకరు తగిలారు. నేను ఆగలేదు. “తిరుత్తణి, ఏకాంబరం, ముగ్గురు, క్షేమం,” అని చదివాను. ఆ పేరు పక్కన ఆ మాట చెప్పడానికి నా గొంతు ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ తెలియదు. మద్రాసు అమ్మాయి, “ఏకాంబరం, ముగ్గురు, రాసుకున్నా. చెప్పక్కా,” అంది. చెప్పాను.

తొమ్మిదికి ఇంకా పది నిమిషాలు ఉండగా చివరి కాగితం అయిపోయింది. “ఒక్క టికెట్టూ మిగల్లేదక్కా,” అంది ఆమె. “ఈడ ఆరుమందిమీ నీ గొంతే వింటా ఉండినాము.”

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మిల్లు నుంచి ముందే వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయన అరిచినవన్నీ రాయను. చివరికి అన్నది ఇది. “ఇప్పుడే పోయి ఆయన కాళ్ల మీద పడు. తప్పైపోయిందని చెప్పు.”

“నేను చెప్పాల్సింది ఏమీ లేదు,” అన్నాను. “మీకేమైనా చెప్పాలని ఉంటే మీరే పోయి చెప్పండి. రాజీనామా కూడా నేను రాయను.”

“చూసినావా నాయనా, దీని పొగరు? అమ్మకు చెప్పు...” అని ఆయన అలవాటుగా నా వైపే తిరిగాడు.

“చెప్పను. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. ఉప్పు సంగతి కూడా.”

రెండు రోజులు ఇంట్లో చెంబు చప్పుడు తప్ప ఏమీ లేదు. మామ నీళ్లు కాగాయో లేదో తెలియక చన్నీళ్లు పోసుకున్నాడు. తుమ్మాడు. అత్త నా ముఖంలోకి చూసింది. నేను బియ్యం ఏరుకుంటూ ఉన్నాను. మూడో రోజు ఉదయం ఆమె వంటింటి గడప దాకా వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “ఏమయ్యో, నీళ్లు కాగినాయి,” అంది. ఆయన వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేకపోయేసరికి, “నన్నేనా?” అన్నాడు. “కాదు, అమ్మేసిన ఎద్దును!” అంది అత్త. ఆ పూట వాళ్లిద్దరూ బాగా పోట్లాడుకున్నారు. తొమ్మిదేళ్ల బాకీ పోట్లాట. నేను మధ్యలో లేను. బయట కూర్చొని వేడి కాఫీ, వేడిగా ఉండగానే, తాగాను.

మా ఆయనను మిల్లులోంచి తీసెయ్యలేదు. ఏ లారీ ఎక్కడుందో ఆ మిల్లులో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆయనకే అప్పుడు తెలిసింది. నా మీద కోపం చాలా రోజులు ఉంది. దాన్ని ఆయనే నేరుగా నాతో చెప్పాడు. అది నాకు కొత్త.

రెండు వారాలకు పై ఆఫీసు నుంచి మెప్పు కాగితం వచ్చింది. పరంధామయ్య దాన్ని నా వైపు జరిపి తల వంచుకున్నాడు. “నా పేరే రాసినారు. నీ పేరు లేదమ్మా.”

“పేరు సంగతి నేను రాసి అడుగుతాను సార్, వదిలిపెట్టను. ముందు దీని మీద సంతకం పెట్టండి,” అని కొత్త చీటీ ముందుంచాను. వెనక ఒకరు కాచుకొని ఉంటే ఒకసారి మించి పొడిగింపు లేదు, ఎవరికైనా సరే. ఆయన చదివి, కలం తీసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేశాడు.

ఆ సోమవారం నాలుగో నంబరు మూత పడింది. దొరస్వామికి మద్రాసు కావాలి.

“మీ ముందు నలుగురున్నారండి,” అన్నాను.

“ఎవరమ్మా ఆ నలుగురు?” అన్నాడు.

“అది చెప్పకూడదండి. చీటీ రాయమంటారా?”

“రాయి,” అన్నాడు.

ఐదో చీటీ మీద ఆయన పేరు, నంబరు, వేళ రాసి, నాలుగు చీటీల కింద పెట్టి, నగరి బోర్డును పిలిచి, మీ దగ్గర ఎవరైనా కాచుకొని ఉన్నారా అని అడిగాను.