కళ్ళుప్పుతో తోమిన రాళ్ళు

మురికి కనబడితే రాజ్యలక్ష్మి చేతులు ఊరుకోవు. చేపలైనా, రోలైనా, మనవడి బూట్లైనా సరే, కళ్ళుప్పు వేసి బరబరా తోమి ఆ నీళ్ళు పారబోస్తేగాని ఆవిడకు ముద్ద దిగదు.

కోడలు ప్రసన్నకుమారి అమలాపురంలో ఇంటివెనక షెడ్డు వేసి గిల్టు నగలకు పూత వేస్తుంది. ఆ నగలు కడిగిన నీళ్ళలో రాగి ఉంటుంది. అది నీలంగా డ్రెయిన్లోకి, అక్కణ్ణుంచి పంటకాలవలోకి పోతుంటే పొల్యూషన్ ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? నీళ్ళు బాగుచేసి వదలకపోతే షెడ్డు మూయిస్తామన్నారు. పాపం, ప్రసన్న రొయ్యల చెరువుల్లో చల్లే జియోలైట్ రాళ్ళను ఒక డ్రమ్ము నిండా పోసి, ఆ నీళ్ళను వాటిగుండా పంపింది. సన్నటి ఆ రాళ్ళు రాగిని పట్టేసుకుని నీళ్ళను తేటగా వదిలేవి.

రేపు తనిఖీ అనగా నీళ్ళు మళ్ళీ నీలంగా దిగాయి.

"రాళ్ళు నిండిపోయేయండి అత్తయ్యగారూ, ఇంక రాగిని పట్టవు. రావులపాలెం వెళ్ళి కొత్త బస్తా తెస్తాను. మీరు దేనిమీదా చెయ్యి వెయ్యకండేం!" అని బస్సెక్కింది.

వెయ్యొద్దంటే వెయ్యకుండా ఉండే చెయ్యా అది! రాజ్యలక్ష్మి డ్రమ్ములోకి తొంగిచూసింది. రాళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

"ఛీ ఛీ! ఇంత పాచి పట్టించుకుని, నిండిపోయేయంటుందేంటీ పిల్ల!"

రాళ్ళన్నీ టబ్బులో పోసి, ఇంట్లో ఉన్న ఉప్పంతా కుమ్మరించి, నానబెట్టి తోమింది. రాళ్ళు తెల్లబడుతున్నకొద్దీ నీళ్ళు నీలమందు కలిపినట్టయ్యాయి. మొదట మురిసిపోయింది. తర్వాత తోమడం ఆపేసింది. పాచికి ఇంత నీలం ఎక్కడిది? కోడలు పట్టి దాచిన రాగినంతా తను విడిపించేసింది! గబగబా ఆ నీళ్ళు డబ్బాల్లో పోసి స్నానాలగది వెనక దాచి, కడిగిన రాళ్ళు మళ్ళీ డ్రమ్ములో పోసేసింది.

సాయంత్రం ప్రసన్న వట్టి చేతులతో వచ్చింది. చెరువుల సీజనట, ఎక్కడా బస్తా దొరకలేదట. రేపటితో షెడ్డు మూతేనని ఏడ్చింది. రాజ్యలక్ష్మికి జాలేసింది, నిజం చెప్పడానికి నోరు మాత్రం రాలేదు.

పొద్దున్నే ఆఫీసరు సత్యశ్రీ వచ్చి డ్రమ్ము కింద కుళాయి తిప్పింది. నీళ్ళు తేటగా దిగాయి. పరీక్ష కాగితం ముంచి చూసి, "రాగి జాడే లేదండీ, భేష్!" అంది. ప్రసన్న నోరు తెరుచుకుని ఉండిపోయింది.

హమ్మయ్య అనుకుంది రాజ్యలక్ష్మి. ఆఫీసరు జీపెక్కగానే ఆ డబ్బాలు డ్రెయిన్లో ఒంపేస్తే సరి, ఎవడు చూడొచ్చాడు? నోరు విప్పితే మాత్రం షెడ్డు పోతుంది, పిల్ల ఏడుస్తుంది. కానీ ఆ డ్రెయిను కాలవలోకేగా పోయేది! అందులో ఊళ్ళో పిల్లలంతా ఈతలు కొడతారు.

"మేడమ్‌గారండీ! ఒక్క నిమిషం ఆగండమ్మా" అని డబ్బాలు తెచ్చి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పేసింది.

"అత్తయ్యగారూ!" అని ప్రసన్న తల పట్టుకుంది.

సత్యశ్రీ డబ్బాలోకి చూసి నవ్వింది. "ఆ రాళ్ళలో బస్సులో సీట్లలాగా ఖాళీలుంటాయండి. రాగి ఎక్కి కూర్చుంటుంది. ఉప్పు గుంపుగా వచ్చిపడి దాన్ని దింపేసి తను కూర్చుంది. మళ్ళీ రాగొస్తే ఆ ఉప్పు లేచి సీటిచ్చేస్తుంది కాబట్టే ఇవాళ రాళ్ళు మళ్ళీ పని చేసేయి."

"అయితే షెడ్డు మూయించరాండీ?" అంది ప్రసన్న.

"ఇది కాలవలో పోసుంటే తప్పకుండా మూయించేదాన్ని. మూతలు బిగించి ఉంచండి, ఇలాంటి రసాయనాల నీళ్ళు తీసుకెళ్ళే బండికే ఇవ్వాలి. మీరు మురికి పోగొట్టలేదండీ, చోటు మార్చేరంతే."

"ఆయ్" అంది రాజ్యలక్ష్మి. జీపు వెళ్ళిపోయింది. ప్రసన్న అత్తగారిని కావలించుకుని నవ్వుతూనే ఏడ్చేసింది.

రాజ్యలక్ష్మి మాత్రం నవ్వలేదు. డబ్బా మూత బిగిస్తూ ఆగి, "అయితే ఇన్నేళ్ళూ నేను తోమి పారబోసిందంతా ఎక్కడికెళ్ళిందే ప్రసన్నా?" అని అడిగింది.