లేతు వెనక పెరడు

మా అక్క మొగుణ్ణి అందరూ టైర్ల బావ అంటారు. జబ్బుమనిషి నోట మాట లాక్కున్నవాణ్ణి నేనింకేమైనా అనేవాణ్ణే, అక్క మొహం చూసి ఊరుకున్నాను.

లేతు మిషన్ మీద మా అన్నది తిరిగిన చెయ్యి. షెడ్డూ, దాని వెనక పెరడూ అన్న పేరునే ఉన్నాయి. "పెరడు నీదిరా, నీ సొంత లేతు అక్కడ పెట్టుకో" అని ఏనాడో చెప్పాడు. కాగితం రాయమనలేదు. సొంత అన్నని కాగితం అడుగుతామా?

వానాకాలంలో అన్న తీరులో తేడా వచ్చింది. కోసిన ఇనప షాఫ్టునే మళ్ళీ లేతుకి బిగించి, కోసి కోసి పుల్లలా చేసేవాడు. తిన్న కాసేపటికే "నన్ను పస్తు పడుకోబెడతావా?" అని వదిన మీదికి లేచేవాడు. స్పానర్లు నేనే కాజేశానన్నాడు. ఆపైన మూర్ఛలు. ఒక డాక్టరు పిచ్చి అన్నాడు, ఇంకో డాక్టరు దిగులు అన్నాడు. వాళ్ళ మాత్రలకి అన్న నిద్రపోయాడు గానీ జబ్బు నిద్రపోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ వచ్చి, టైర్ల గోడౌనుకి పెరడు అమ్మమన్నాడు. అన్న సరేనని బయానా పుచ్చుకున్నాడు. సాయంత్రానికి ఆ సంగతే గుర్తు లేదు.

"బావా, మనిషి మనిషిలో లేడు. ఇదేం బేరం?"

"నాతో బానే మాట్లాడాడే! నీ ఒక్కడికే పిచ్చోడిలా కనిపిస్తున్నాడా?"

చివరికి ఒక డాక్టరమ్మ ఛాతీ స్కాను తీయించింది. ఊపిరితిత్తిలో క్యాన్సరు గడ్డ! దాని మీద పోరాడాల్సిన ఒంట్లోని రోగనిరోధక శక్తి, గడ్డకీ మెదడుకీ పోలిక చూసి మెదడు మీద కూడా పడిందట. అందుకే మెదడుకి వాపు, ఆ మతిమరుపూ మూర్ఛలూ. దొంగ కోసం వచ్చి ఇంటాయన్ని బాదినట్టు.

"మతి తిరిగొస్తుందా అమ్మా?"

"చాలావరకు రావచ్చు. జబ్బులో గడిచిన నెలలు మాత్రం గుర్తుండకపోవచ్చు."

నాకదే పదివేలు. తెలివొచ్చిన అన్న "నేనలా అనను" అంటే చాలు. అందాకా రిజిస్ట్రేషను ఆపించాను. ఆసుపత్రి బెంచీల మీద నడుం విరిగింది.

గడ్డ తీసి మందులిచ్చాక మతి వచ్చింది. ఆ వారమే బావని పిలిపించాను.

"పెరడు అమ్ముతానని నేనన్నానా?" అని అడిగాడు అన్న.

"అన్నావు బావా. మీ ఆవిడ ముందే," అన్నాడు టైర్ల బావ.

వదిన అవునంది.

"అయితే ఇచ్చేద్దాం."

"అన్నా! అన్నది నువ్వు కాదు, జబ్బు!"

"నోరు నాదేగా. చెల్లెలు బావ ఇంట్లో తలెత్తుకు తిరగాలి."

"మరి నాకిచ్చిన మాట?"

"నువ్వు మనవాడివిరా, సర్దుకుంటావు."

జబ్బుతో అన్న మాటైతే కొట్టిపారేద్దును. ఈ సంతకం మాత్రం అన్న పూర్తి తెలివిలో పెట్టాడు. నాకు పోయింది నూట ఎనభై రెండు గజాలు.