గోడ మలుపు

తబిత మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేస్తుండగా పేట నుంచి పరుగెత్తుకొచ్చిన చిట్టియ్య గట్టు మీంచి కేకేశాడు.

"తబితమ్మా, పేటలోకి జేసీబీ వచ్చిందమ్మా. ఇళ్ళు తీసేత్తారంట."

చేతిలోని నారు కట్ట జారిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. రెండో పంట దాళ్వా ఊడ్పులు ముమ్మరంగా సాగుతున్న రోజులు. మధ్యలో గట్టెక్కితే ఆ పూట కూలి పోయినట్టే. మేస్త్రి సణుగుతున్నా వినిపించుకోకుండా ఆమె గట్టెక్కింది. కాళ్ళ బురద కడుక్కోవాలని కూడా తోచలేదు.

వెదుళ్ళలంక నుంచి రావులపాలెం వెళ్ళే రోడ్డు పంటకాలవ గట్టు మీదే పోతుంది. పేట దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా వంకర తిరుగుతుంది. ఒకపక్క అప్పాజీ గారి కొబ్బరితోట, ఇంకోపక్క కాలవ. తోటకి ముళ్ళకంచె ఉన్న రోజుల్లో మలుపు అవతల ఏ బండి వస్తున్నదీ కనబడేది. రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు కళ్ళజూశాక ఆయన కంచె పీకించి, మనిషికి రెండింతల ఎత్తున ప్రహరీ కట్టించాడు. కట్టిస్తూ కట్టిస్తూ దాన్ని రోడ్డు అంచుదాకా జరిపాడు. అప్పట్నుంచీ అది గోడ మలుపు. అది దాటగానే కాలవ వైపున పేట వాళ్ళ ఇళ్ళు, తాటాకువీ రేకులవీ, వరసగా ఉంటాయి.

తబిత కూతురు రెబెక్కా ఆ మలుపులోనే పోయింది. తొమ్మిదో తరగతి పిల్ల. సైకిలు మీద బడి నుంచి వస్తుంటే, చెరువుల మట్టి తోలే టిప్పరు గోడ చాటు నుంచి మీదికొచ్చింది. పిల్ల కాలవ వైపు తప్పుకుంది. తప్పుకోవడానికి అక్కడ రోడ్డు లేదు. సాయంత్రానికి కింద కాలవ లాకుల దగ్గర దొరికింది. పుస్తకాల సంచి భుజాలకే ఉంది. నేను ఆ పిల్లని తాకనే లేదండీ అన్నాడు డ్రైవరు. నిజమే, తాకలేదు. పిల్లకి సైకిలు తొక్కడం సరిగా రాదని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు.

ఆ మరుసటేడు కాకినాడ నుంచి పావని మేడం వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పల్లెటూళ్ళ రోడ్ల మీద జరిగే ప్రమాదాల గురించి పరిశోధన చేస్తోంది. కరెంటు స్తంభానికి కెమెరా కట్టించింది. బళ్ళ వేగం కొలిచే పరికరాన్ని మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టింది. పేట వాళ్ళ ఫోన్లలో ఒక యాప్ వేసింది. ఎవరికైనా వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పితే ఆ చోటనే నిలబడి దాన్ని నొక్కాలి.

"మనుషులు పోయాక రాసుకుని ఏం లాభమండీ. పోకముందే తెలియాలి కదా," అంది పావని.

పేట నమ్మలేదు. ఫొటోలు తీసుకుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించకపోవడం వాళ్ళకి కొత్త కాదు. తబితే ఇంటింటికీ తిరిగింది. "నా పిల్ల ఎలాగూ తిరిగి రాదు. మీ పిల్లలు ఆ రోడ్డునే కదా ఎల్తన్నారు," అని ఒక్కొక్కరినీ ఒప్పించింది. వేసవి వచ్చేసరికి, నొక్కిన ప్రతిసారీ ఒక చుక్క పడి, పావని ఫోనులోని పటం మీద ఆ మలుపు ఎర్రటి పుండులా తేలింది.

"ముందు ఈ గోడ వెనక్కి జరగాలండీ," అంది పావని. "తర్వాత కాలవ పక్కన రెయిలింగు, అటూ ఇటూ స్పీడు బ్రేకర్లు. మలుపుని ఆనుకుని ఉన్న ఒకటి రెండు ఇళ్ళు కొంచెం జరపాల్సి రావచ్చు."

ఆ చివరి మాట కూడా దాచకుండా తబిత అందరికీ చెప్పింది.

ఇప్పుడామె రొప్పుకుంటూ పేట చేరేసరికి మలుపు పక్క మొదటి ఇంట్లో ఉండే సంపూర్ణమ్మ వంటపాక నేలమట్టమై ఉంది. జేసీబీ తొండం రెండో ఇంటి మీదికి వంగి ఆగింది. సంపూర్ణమ్మ అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంది. గిన్నె నిండా మట్టి.

"నువ్వేగా ఫోను పట్టుకుని తిరిగింది," అంది తబితని చూసి. "నొక్కండి నొక్కండి అన్నావు. నొక్కేం. ఇదిగో, చూడు."

తబిత రోడ్ల శాఖ ఏఈ కిరణ్ దగ్గరికి వెళ్ళింది. కుర్రవాడు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"రిపోర్టు ప్రకారమే చేస్తున్నామమ్మా," అన్నాడు. "ఎదర వచ్చే బండి కనబడాలంటే అడ్డాలు తీసెయ్యాలి. మీరు అడిగిందే కదా."

"మరి గోడండీ?"

"గోడ సంగతి నాకిచ్చిన ఆర్డర్లో లేదమ్మా." ఆ మాట అంటూ అతను జేసీబీ వైపు చూశాడు గానీ ఆమె వైపు చూడలేదు.

తబిత పావనికి ఫోను చేసింది. అవతల చాలాసేపు మోగాక గానీ ఎత్తలేదు.

"నేను గోడే ముందు రాశాను తబితగారూ. పైన మీటింగులో దాన్ని కొట్టేసి, రోడ్డు పక్క అడ్డంకులు తీసెయ్యాలని మార్చారు. గోడ జోలికెళ్తే కోర్టు గొడవలన్నారు. నాకు నిన్ననే తెలిసింది. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

"ఆ మాట ఇక్కడికొచ్చి చెప్తారా అండీ?"

"బయల్దేరతానండీ," అంది పావని. అది నిజంగా అన్నదో, ఫోను పెట్టెయ్యడానికి అన్నదో తబితకి తెలియలేదు.

తోట గేటు తెరుచుకుని అప్పాజీ బయటికొచ్చాడు. వెనకాలే పాలేరు ఏఈ గారి కోసం కుర్చీ, కొబ్బరిబోండం తెచ్చాడు. అప్పాజీ తబిత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నీ కడుపుకోత నాకు తెలీదేంటమ్మా? నీ కూతురి పేరు చెప్పి రోడ్డు బాగుపడతంటే సంతోషపడాలి గానీ. నువ్వు ముందు సామాను సర్దేసుకుంటే మిగతావాళ్ళు మాటాడరు. చెరువు కాడ నాకు జాగా ఉంది. నీకు రేకుల షెడ్డు నేనేయించి పెడతాను."

తబిత ఇళ్ళ వైపు చూసింది. ఇవి తీసేస్తే రోడ్డు వెడల్పవుతుంది. వెడల్పయితే టిప్పర్లు ఇంకా ఊపుగా వస్తాయి. గోడ మాత్రం అలాగే ఉంటుంది. రేపు ఇంకెవరి పిల్లో సైకిలు మీద వస్తుంది.

"మా అమ్మాయి పేరు ఎత్తకండీ," అంది.

అప్పాజీ నవ్వబోయి ఆగాడు. ఆమె అప్పటికే మలుపు వైపు నడుస్తోంది. బురద ఎండి చీర అంచు కాళ్ళకి గరుకుగా తగులుతోంది. గోడ వంపు తిరిగేచోట, కూతురి సైకిలు పడి దొరికిన చోట, రోడ్డు మధ్యలో నిలబడింది.

"ఏఈ గారండీ, ఇక్కణ్ణించి మొదలెట్టండి. ఈ గోడ పడ్డాక నా ఇల్లు నేనే ఇప్పేసుకుంటాను. అందాకా ఒక్క రేకు కూడా కదపనివ్వను."

"అక్కడ నిలబడకమ్మా, డేంజరు," అన్నాడు కిరణ్.

"ఎందుకండీ డేంజరు?"

చెప్పడానికి అతను నోరు తెరిచాడు. అప్పాజీ వైపు చూసి మూసుకున్నాడు.

సంపూర్ణమ్మ అన్నం గిన్నె కింద పెట్టి లేచింది. కుంటుకుంటూ వచ్చి తబిత పక్కన నిలబడింది, మొహం అటు తిప్పుకుని.

"నీ మీద కోపం పోలేదు," అంది.

"పోవద్దులే పిన్నీ. నిలబడు."

జేసీబీ డ్రైవరు ఏమనుకున్నాడో ఇంజను ఆపేశాడు. అది ఆగేసరికి గోడ అవతల నుంచి బరువు బండి మోత వినబడింది. మట్టి టిప్పరు. హారను ఒకసారి మోగింది, ఇంకొంచెం దగ్గరగా మళ్ళీ మోగింది. కిరణ్ హెల్మెట్ పారేసి, రెండు చేతులూ పైకెత్తి, గోడ వారనే అవతలికి పరుగెత్తాడు. మలుపు తిరగగానే అతనూ కనబడకుండా పోయాడు.

ఇద్దరాడవాళ్ళూ కదల్లేదు.